జెకిల్‌గారి వకీలు

జెకిల్, హైడ్ అన్న జంట పేరు వినని పాఠకులు తక్కువ. పగలు పెద్దమనిషిగా, రాత్రి మరొకడిగా బతికే నాయకుడి గురించి రాయాల్సివస్తే పత్రికలవాళ్ళ చేతికి ముందు తగిలేది ఆ పేరే. చదవకుండానే కథ తెలిసిపోయిన పుస్తకాల్లో దానిది ముందు వరస. దీనివల్ల ఒక నష్టం జరిగింది. డాక్టరూ దుర్మార్గుడూ ఒకడేనన్న రహస్యం మనకు ముందే తెలుసు. అది తెలియక సగం పుస్తకానికి పైగా లండన్ వీధుల్లో తిరిగే ఒక మనిషిని అందుకే మనం పట్టించుకోం. ఆయన పేరు గాబ్రియెల్ జాన్ అటర్సన్. వృత్తి వకీలు.

రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ ఈ నవలను 1885లో, ఇంగ్లండు దక్షిణ తీరాన బోర్న్‌మత్‌లో, జబ్బుతో తీసుకుంటూ రాశాడు. 1886 జనవరిలో లాంగ్‌మన్స్ వాళ్ళు షిల్లింగు వెలపెట్టి అమ్మితే ఆరు నెలల్లో దాదాపు 40,000 ప్రతులు చెల్లాయి. పది అధ్యాయాల పుస్తకం. మొదటి ఎనిమిదింటిలో మనం చూసేదంతా ఇంచుమించు అటర్సన్ చూసినదే, ఆయన చెవిన పడినదే. చివరి రెండూ ఆయన ఇంటికి తీసుకుపోయి చదివే కాగితాలు. 1887లోనే బోస్టన్‌లో దీన్ని నాటకంగా ఆడారు. తర్వాత సినిమాలొచ్చాయి, 1931 నాటి సినిమాలో వేషం కట్టిన ఫ్రెడ్రిక్ మార్చ్‌కి ఆస్కారు కూడా దక్కింది. తెర మీద జెకిల్‌కి పెళ్ళికూతురు దొరికింది, వకీలు ఓ మూలకి జరిగాడు. చిన్నప్పుడు నా చేతికొచ్చిన సంక్షిప్త ప్రతిలో కూడా ఆయన తలుపు తట్టడానికి తప్ప మరెందుకూ పనికొచ్చినట్టు గుర్తులేదు.

అసలు పుస్తకం తెరిస్తే మొదటి పేజీ నిండా ఆయనే. పొడుగ్గా, బక్కగా, కాస్త దుమ్ముకొట్టుకుపోయినట్టు ఉంటాడు. నవ్వడు. మాట పొదుపు. మనసులోది పైకి చెప్పాలంటే మొహమాటం. అయినా ఎందుకో ఇష్టం కలిగించే మనిషి అంటాడు స్టీవెన్‌సన్. నలుగురు స్నేహితుల మధ్య, వైన్ రుచిగా కుదిరిన పూట, ఆ కళ్ళలో మంచితనం కనబడుతుంది. అది మాటల్లోకి ఎన్నడూ రాదు, చేతల్లోకి వస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం జిన్ను తాగుతాడు, మంచి వైన్ మీద తనకున్న మోజుని అణచుకోవడానికి. నాటకాలంటే ఇష్టం, ఇరవై ఏళ్ళుగా నాటకశాల గడప తొక్కలేదు.

ఈ రెండు సంగతులూ చదివి ఆయన్ని ఎండిపోయిన నియమస్థుడి కింద జమకట్టడం సులువు. నియమస్థులు మనకు తెలియనివాళ్ళా? ఏకాదశి ఉపవాసం ఉన్నాయన ఇంట్లో ఆ పూట పిల్లలు గట్టిగా నమిలినా తప్పే. వాళ్ళ నియమం వాళ్ళ దగ్గర ఆగదు, పక్కింటి పొయ్యి దాకా పోతుంది. అటర్సన్ నియమం ఆయన గడప దాటదు. ఎదుటివాడు తప్పుచేస్తే, వాడికి అంత ఉద్రేకం ఎక్కడినుంచి పుట్టుకొచ్చిందా అని, రవ్వంత అసూయతో ఆశ్చర్యపోతాడు. మందలించాలన్న ఆలోచన కన్నా ఆదుకోవాలన్న ఆలోచన ముందొస్తుంది. తమ్ముణ్ణి చంపి, వాడికి నేనేమన్నా కాపలాదారునా అని దేవుణ్ణే ఎదురడిగిన కయీను వాటం తనదని, ఎవరి దారిన వాళ్ళని చెడనిస్తానని తన మీద తనే వేళాకోళం చేసుకుంటాడు. ఆయన చేసేది దీనికి పూర్తిగా తలకిందులు. పరువు పోగొట్టుకుని దిగజారుతున్నవాళ్ళకి ఆఖరిదాకా మిగిలే మర్యాదగల పరిచయస్థుడు ఆయనొక్కడే. వాళ్ళు గదికి వచ్చినప్పుడు ఆయన తీరులో వీసమెత్తు తేడా కనిపించదు.

మనకు అలవాటైన దయగల వకీలు వేరు. గురజాడవారి సౌజన్యారావు పంతులుగారిని తలుచుకోండి. అబద్ధపు ఖూనీ కేసులో ఇరుక్కున్న లుబ్ధావధాన్లుని బయటపడెయ్యడానికి పాటుపడతాడు. సానివాళ్ళ నీడ కూడా సోకకూడదన్న పట్టుదల, లోకాన్ని బాగుచెయ్యాలన్న తపన. ఆ పట్టుదలని కొంచెం సడలించడానికి నాటకం చివర మధురవాణి స్వయంగా రావాల్సివచ్చింది. పంతులుగారి దయకి ఒక కార్యక్రమం ఉంది. అటర్సన్‌కి అలాంటిదేమీ లేదు. ఎవర్నీ బాగుచెయ్యడు, ఉపన్యాసం ఇవ్వడు, నవల మొత్తంలో కోర్టు మెట్లెక్కడు. ఇంగ్లండులో కోర్టులో నిలబడి వాదించేవాళ్ళు ఒక తెగ, వీలునామాలూ దస్తావేజులూ చూసుకునేవాళ్ళు మరో తెగ. ఈయన రెండో తెగ. వచ్చినవాడికి కుర్చీ చూపిస్తాడు, కాగితం ఉంటే బీరువాలో పెడతాడు.

ఆ బీరువాలోనే చిక్కంతా ఉంది. పాత స్నేహితుడు హెన్రీ జెకిల్ స్వహస్తాలతో రాసుకున్న వీలునామా అందులో ఉంది. రాయడానికి నేను సాయపడను అన్నాడు అటర్సన్. రాసేశాక దాచిపెట్టడానికి మాత్రం కాదనలేకపోయాడు. రెండున్నర లక్షల పౌండ్ల ఆస్తి. జెకిల్ పోతే మొత్తం ఎడ్వర్డ్ హైడ్ అనే అతనికి. అంతవరకు ఫరవాలేదు. జెకిల్ కారణం తెలియకుండా కనిపించకపోయి మూడు నెలలు దాటినా మొత్తం హైడ్‌కే. జాడలేనివాణ్ణి చనిపోయినట్టు ఎంచడానికి ఇంగ్లీషు న్యాయం ఏడేళ్ళు ఆగమంటుంది, మన సాక్ష్య చట్టమూ ఏడేళ్ళే అంటుంది. మూడు నెలలేమిటి? పిచ్చి అనుకున్నాడు అటర్సన్ మొదట్లో.

ఆదివారాలు వాహ్యాళికి తోడొచ్చే దూరపు బంధువు ఎన్‌ఫీల్డ్ ఒకనాడు ఓ తలుపు చూపించి కథ చెప్తాడు. తెల్లవారుజామున మూడు గంటలకి ఓ మనిషి చిన్నపిల్లని కాళ్ళ కింద తొక్కుకుంటూ పోయాడు. జనం పట్టుకుని వంద పౌండ్లు కక్కించారు. వాడు తాళంచెవితో ఆ తలుపు తీసుకుని లోపలికెళ్ళి పది పౌండ్ల బంగారం, మిగతాదానికి చెక్కు తెచ్చాడు. చెక్కు మీద సంతకం ఊళ్ళో అందరికీ తెలిసిన పెద్దమనిషిది, పేరు చెప్పను అంటాడు ఎన్‌ఫీల్డ్. వ్యవహారం ఎంత వంకరగా కనిపిస్తే తాను అంత తక్కువ అడుగుతాడట. అటర్సన్ కూడా పేరు అడగడు. అడగనక్కర్లేదు, ఆయనకి తెలుసు. వాడు తాళంచెవి వాడడం నిజమేనా అని మాత్రం రూఢి చేసుకుంటాడు. ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తవద్దని ఇద్దరూ చేతులు కలుపుకుంటారు.

పెద్దమనుషుల లోకం ఎలా నడుస్తుందో ఇంత పొట్టిగా చెప్పిన సన్నివేశం నేను వేరే ఎక్కడా చదవలేదు. ఆ పిల్ల పేరు పుస్తకంలో ఎక్కడా లేదు. వంద పౌండ్లతో ఆమె కథ తీరిపోయింది. అటర్సన్ ఆ రాత్రి నిద్రపట్టక దొర్లుతాడు. ఆ మనిషి లండన్‌లో ప్రతి వీధి మలుపులోనూ ఓ పిల్లని తొక్కుకుంటూ పోతున్నట్టు కలవరిస్తాడు. కానీ కలలోంచి బయటికొచ్చాక ఆయన బెంగ పిల్ల గురించి కాదు, జెకిల్ గురించి. ఈ హైడ్ ఏదో పాత పాపాన్ని పట్టుకుని తన స్నేహితుణ్ణి బెదిరించి గుంజుతున్నాడని ఆయన లెక్క.

ఆయన్ని నాకు దగ్గర చేసింది ఆ లెక్క వేస్తూ చేసిన పని. జెకిల్ కుర్రతనంలో ఏం వెలగబెట్టి ఉంటాడా అని మొదలుపెట్టిన ఆలోచన ఒక్కసారి తన మీదికి తిరుగుతుంది. తన గతంలో మూలమూలలా తడుముకుంటాడు, ఏ పాత పాపం ఎక్కడినుంచి లేచి వస్తుందోనని. పెద్దగా మచ్చ ఏమీ దొరకదు. చేసిన చెడ్డపనులు తలుచుకుని తలవంచుకుంటాడు, చెయ్యబోయి ఆగిపోయినవి తలుచుకుని కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. స్నేహితుడి మీద అనుమానం వచ్చినప్పుడు మనలో ఎంతమందిమి ముందు మన పాత లెక్కల పుస్తకం తీస్తాం? అంత పెద్ద మనసు ఆయనకి ఎలా వచ్చిందో ఆ ఒక్క పేరా చెప్తుంది. పుట్టుకతో వచ్చిన మెత్తదనం కాదది. తనకూ ఆశలున్నాయని, తానూ అంచుదాకా వెళ్ళి వచ్చానని మరిచిపోకపోవడం.

జెకిల్‌కి లేనిది ఇదే. అతనూ ఆశలున్నవాడే, పైకి తల ఎత్తుకు తిరగాలి, చాటున సరదాలు తీరాలి. రెంటినీ ఒకే ఒంట్లో మోయడం భరించలేక మందు కనిపెట్టాడు. వకీలు ఆ రెంటినీ మోశాడు. జిన్ను గ్లాసుతో, చూడని నాటకాలతో, అంత అందంగా ఏమీ కాదు, కానీ మోశాడు. పుస్తకంలో జెకిల్ వేసిన ప్రశ్నకి జవాబు అతని ప్రయోగశాలలో లేదు, అతనితో భోంచేసే ముసలి వకీలులో ఉంది. పుస్తకం పేరులోకెక్కిన రెండు పాత్రల వెలుగులో ఈ జవాబు మనకి ఆనలేదు.

ఇంతవరకూ ఆయన పక్షాన వాదించాను. ఇక రెండో వైపు.

ఏడాది తిరగబోతుండగా, అక్టోబరులో, సర్ డాన్వర్స్ కేర్యూ అనే వృద్ధుణ్ణి హైడ్ నడివీధిలో చేతికర్రతో కొట్టి చంపుతాడు. శవం జేబులో అటర్సన్ చిరునామాతో ఒక ఉత్తరం. కేర్యూ కూడా ఆయన కక్షిదారే. విరిగిన కర్రముక్కని పోలీసు అధికారి న్యూకమెన్ తెచ్చి ముందు పెడితే అటర్సన్ గుర్తుపడతాడు: ఏళ్ళ కిందట తానే జెకిల్‌కి బహుమతిగా ఇచ్చిన కర్ర. హైడ్ ఇల్లు ఎక్కడుందో చెప్తాడు, పోలీసుల్ని వెంటబెట్టుకుని సోహోకి తీసుకెళ్తాడు. కర్ర ఎవరిదో చెప్పడు. అదే మధ్యాహ్నం జెకిల్ దగ్గరికి వెళ్ళి, కేర్యూ నా కక్షిదారు, నువ్వూ నా కక్షిదారువే, వాణ్ణి నువ్వు దాచలేదు కదా అని అడుగుతాడు. ఒకే నోటితో హతుడి వకీలూ, హంతకుణ్ణి కాచినవాడేమోనని తానే అనుమానిస్తున్న మనిషి వకీలూ మాట్లాడుతున్నారు. ఈ రోజుల్లో ఏ బార్ కౌన్సిలూ ఒప్పని పరిస్థితి.

జెకిల్ ఓ ఉత్తరం ఇస్తాడు, హైడ్ రాశాడని, తాను తప్పించుకుపోయే దారి ఉందని చెప్పాడని. ఆ సాయంత్రం అటర్సన్ తన హెడ్ గుమాస్తా గెస్ట్‌ని కూర్చోబెట్టి, సెల్లారులో ఏళ్ళుగా దాచిన వైన్ సీసా తీయిస్తాడు. గెస్ట్‌కి చేతివ్రాతలు పోల్చడంలో నేర్పు ఉంది. అనుకోకుండా అదే సమయానికి జెకిల్ భోజనానికి పిలుస్తూ పంపిన చీటీ వస్తుంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి గెస్ట్ అంటాడు, రెండింటి వ్రాతా చాలాచోట్ల ఒకటే, వాలు ఒక్కటే తేడా అని. ఈ సంగతి బయటికి పొక్కనివ్వకు అంటాడు అటర్సన్. అర్థమైందండీ అంటాడు గెస్ట్. గుమాస్తా వెళ్ళగానే ఆయన ఆ కాగితాన్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. హంతకుడి కోసం జెకిల్ దొంగ ఉత్తరం సృష్టించాడా అని ఆయన ఒళ్ళు చల్లబడిపోతుంది. ఒళ్ళు చల్లబడింది గాని పెట్టె తాళం తెరుచుకోలేదు.

కక్షిదారు రహస్యం కాపాడటం వకీలు ధర్మమే కదా అనవచ్చు. దానికి హద్దుంది. నేరానికి ఊతంగా వకీలుతో జరిపిన సంభాషణకి ఆ రక్షణ వర్తించదని 1884లో, అంటే ఈ నవల రాయడానికి ఏడాది ముందే, ఇంగ్లండు న్యాయస్థానం కాక్స్, రెయిల్టన్‌ల కేసులో తేల్చిచెప్పింది. ఆ తీర్పు వినిపించిన జడ్జి ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. మన 1872 సాక్ష్య చట్టం ముసాయిదా రాసినవాడూ ఆయనే. అందులో 126వ సెక్షన్ కింద ఈ మినహాయింపు అప్పటికే చేర్చాడు. ఖూనీకోరు తప్పించుకోవడానికి పుట్టించిన ఉత్తరమని అనుమానం వచ్చాక దాన్ని దాచిపెట్టడం వృత్తి ధర్మం కిందికి రావడం కష్టం. అది స్నేహం. అటర్సన్ దానికి వృత్తి ధర్మం కోటు తొడిగాడు.

ఆయన దయ దగ్గరివాళ్ళని చూసినంత తేటగా దూరపువాళ్ళని చూడదు. తన రక్తం పంచుకున్నవాళ్ళూ, చాలాకాలంగా ఎరిగినవాళ్ళూ, వాళ్ళే ఆయన స్నేహితులని స్టీవెన్‌సన్ మొదట్లోనే చెప్పేశాడు. ఎవరో వెతికి ఎంచుకున్న స్నేహాలు కావవి, కాలం కొద్దీ పెరిగిన తీగలు. తొక్కుడుపడిన పిల్ల ఆ తీగకి అందదు. కేర్యూ కూడా పూర్తిగా అందడు. ఆయన జేబులోని ఉత్తరంలో ఏముందో చెప్పే శ్రద్ధ నవలాకారుడికి కూడా లేకపోయింది. న్యాయం అందరికీ చెందాలి, దయ మనవాళ్ళకి చెందితే చాలు అన్నట్టు ఉంటుంది ఆ లండన్. ఆ లండన్ మాత్రమేనా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మన తాలూకావాళ్ళని స్టేషను మెట్లెక్కకుండా చూసినవాణ్ణి మనం కూడా మంచి మనిషి అనే అంటాం.

అయినా ఉత్తరం దాచినందుకు నేను ఆయన్ని పెద్దగా తప్పుపట్టను. నేను తప్పుపట్టేది ఇంకా చిన్న విషయాన్ని. జెకిల్ తలుపు వేసుకుని ఎవర్నీ రానివ్వని రోజుల్లో అటర్సన్ వెళ్ళి అడుగుతాడు. లోపలికి రానివ్వనందుకు మెల్లగా ఆయనకి ఊరటగా ఉండడం మొదలవుతుంది. లోపల కూర్చున్న ఆ అర్థంకాని మనిషితో మాట్లాడటం కన్నా గుమ్మంలో నౌకరు పూల్‌తో రెండు మాటలు మాట్లాడి, వీధిలో గాలి పీల్చుకుని పోవడమే ఆయనకి హాయి. పూల్ చెప్పే కబురులో మార్పు ఉండదు, వచ్చిపోవడాలు క్రమంగా తగ్గుతాయి. దిగజారుతున్నవాడికి ఆఖరి ఆధారం అని మొదటి పేజీలో పొగిడిన మనిషి, సరిగ్గా ఆ ఆధారం కావలసిన రోజుల్లో గుమ్మం దగ్గర ఆగిపోయాడు. జబ్బుమనిషిని చూడటానికి ఆసుపత్రికి వెళ్ళి, నిద్రపోతున్నాడని నర్సు చెప్పగానే మనసులో చిన్నగా సంతోషించని మనిషి ఉంటాడా? స్టీవెన్‌సన్ ఆ రహస్యం పట్టుకున్నాడు, పట్టుకుని వకీలుని క్షమించి ఊరుకున్నాడు.

నిలదీసి అడగకపోవడం వల్ల మేలు జరిగిందా, కీడు జరిగిందా? బతికున్న ఏ మనిషి కన్నా, చివరికి తనకన్నా కూడా, అటర్సన్‌నే ఎక్కువ నమ్ముతానని జెకిల్ ఒకచోట అంటాడు. అయినా నిజం చెప్పడు. తనకేమైనా అయితే హైడ్‌కి న్యాయం జరిగేలా చూస్తానని మాట మాత్రం తీసుకుంటాడు. అణుచుకోలేని నిట్టూర్పుతో ఆ మాట ఇస్తాడు అటర్సన్. తప్పులు చేసినవాళ్ళని తూలనాడని మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు, నిలదీయడు. తప్పు చేసినవాడు, నిలదీయలేదు కాబట్టి చెప్పడు. ఇద్దరి మధ్యా మర్యాద పేరుకుపోయింది. ఒక్క పూట ఆ వకీలు మర్యాద తప్పి, కాలర్ పట్టుకుని అడిగి ఉంటే కథ మారేదని కొందరంటారు. నేను నమ్మను. కాలర్ పట్టుకునే మనిషైతే జెకిల్ ఆయన్ని భోజనానికే పిలిచేవాడు కాదు.

స్టీవెన్‌సన్‌కి వకీళ్ళు బయటివాళ్ళు కారు. దీపస్తంభాలు కట్టే ఇంజనీర్ల వంశంలో పుట్టి, ఆ పని ఒల్లనంటే, తండ్రి కనీసం లా అయినా చదవమన్నాడు. 1875లో ఎడిన్‌బరోలో అడ్వొకేటుగా పేరు నమోదు చేయించుకున్నాడు, ప్రాక్టీసు దాదాపు చెయ్యలేదు. కుర్రతనం నాటి నేస్తం చార్లెస్ బాక్స్టర్ మాత్రం వకీలుగా స్థిరపడి, స్టీవెన్‌సన్ ఎక్కడెక్కడో తిరుగుతుంటే అతని డబ్బు వ్యవహారాలు ఏళ్ళ తరబడి చూసిపెట్టాడు. అటర్సన్ ఫలానా ఆయనే అని నేను అనను. తన కాగితాలు ఒక స్నేహితుడి బీరువాలో భద్రంగా ఉన్నాయన్న నిశ్చింత ఎలా ఉంటుందో ఈ నవలాకారుడికి తెలుసు, అంతే.

ఇక ఆఖరి రాత్రి. పూల్ పరిగెత్తుకొచ్చి పిలుస్తాడు, ఇద్దరూ కలిసి గొడ్డలితో తలుపు పగలగొడతారు. లోపల విషం తాగి చచ్చిపడివున్న హైడ్. జెకిల్ జాడలేదు. బల్ల మీద కొత్త వీలునామా, పాతదాని షరతులే: పోతే ఆస్తి, కనబడకపోతే దానం. హైడ్ పేరున్న చోట మాత్రం గాబ్రియెల్ జాన్ అటర్సన్ పేరు. తన స్థానం పోయిందని తెలిసీ హైడ్ ఈ కాగితాన్ని ఎందుకు చింపలేదని ఆయన నివ్వెరపోతాడు. పక్కనే సీలు వేసిన మందపాటి కట్ట. ఈ కాగితం మాట ఎత్తకు, కనీసం మీ అయ్యగారి పరువైనా నిలబెడదాం అని పూల్‌తో చెప్పి కట్ట జేబులో పెట్టుకుంటాడు. అప్పటికి రాత్రి పది. ఇంటికెళ్ళి చదువుతానని, పన్నెండు లోపల తిరిగొస్తానని, అప్పుడు పోలీసుల్ని పిలుద్దామని అంటాడు. తర్వాత అటర్సన్ మనకి కనిపించడు. లాన్యన్ అనే డాక్టరు మిత్రుడు రాసిపెట్టిన కథనం, ఆపైన జెకిల్ ఒప్పుకోలు, పుస్తకం అయిపోతుంది.

ఆ రెండు గంటలూ ఆయన ఏం ఆలోచించాడో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. కాగితాలు బయటపెడితే ఖూనీకోరు జెకిలే అని తేలుతుంది, పరువు మట్టిలో కలుస్తుంది. దాచేస్తే పోలీసుల కళ్ళకి కనబడేది ఏమిటి? మాయమైన డాక్టరు, అతని గదిలో హైడ్ శవం, వకీలు పేరిట మారిన రెండున్నర లక్షల పౌండ్లు. న్యూకమెన్ ముందుగా ఎవరి మీద అనుమానపడతాడో చెప్పనక్కర్లేదు. అంతకాలం బీరువాలో కూర్చుని చేసిన దయకి ఇప్పుడు తొలిసారిగా తన సొంత పేరు చెల్లించాలి. చెల్లించే ఉంటాడనే నా నమ్మకం.

కానీ ఒక చిక్కు. లాన్యన్ తన కవరు మీద స్పష్టంగా రాశాడు, అటర్సన్ చేతికి తప్ప ఇంకెవరికీ అందకూడదని, ఆయన ముందే పోతే చదవకుండా తగలబెట్టమని. జెకిల్ కట్టా ఆయన జేబులోకే వెళ్ళింది. మరి నూట నలభై ఏళ్ళుగా లోకమంతా ఆ కాగితాల్ని అక్షరం పొల్లుపోకుండా ఎలా చదువుతోంది? ఎవరో ఒకరు ఇనప్పెట్టె తెరిచారు. అటర్సన్ తెరవడు. పూల్ చదువరి కాడు. చేతివ్రాతలంటే మోజున్నవాడు, యజమాని తనకు దాచిన రహస్యాలు బహు తక్కువ అని స్టీవెన్‌సనే చెప్పినవాడు ఆ ఆఫీసులో ఒక్కడున్నాడు. నా అనుమానం గెస్ట్ మీద.